చెయ్యి తగిలితేనే డ్రాప్

పోయిన నెల హరిత స్వీట్ డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మా వీధి చివర సైన్సు టీచరు గారి అమ్మాయి. స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్సీ చేసింది. ఒక క్రికెట్ లీగ్ జట్టులో డేటా అనలిస్టుగా ఉద్యోగం వచ్చిందట. నర్సీపట్నం నుంచి ఆ పనికి వెళ్తున్నది నా తర్వాత ఈ అమ్మాయే. జట్టువాళ్లు ముందుగా చదువుకోమని పంపిన నిబంధనల పుస్తకం కూడా ప్రింటు తీయించి తెచ్చింది.

"మాస్టారూ, మీరు పన్నెండేళ్లు ఇదే పని చేశారు గదా. ఇందులో ఏటి ముఖ్యమో పెన్నుతో గుర్తు పెట్టివ్వండి" అంది.

కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పాను. ఫీల్డింగ్ దగ్గర ఒక నిబంధన ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇంతే: ఫీల్డరు చెయ్యి బంతికి తగిలితేనే దాన్ని క్యాచ్ అవకాశంగా లెక్కించాలి. తగిలీ పట్టలేకపోతే డ్రాప్. తగలకపోతే ఏమీ రాయనక్కర్లేదు.

ఆ వాక్యం నేను రాసింది. వేరే జట్టులో, ఎనిమిదేళ్ల కిందట, నా చేత్తో. పదాలు కూడా మారలేదు. ఒక జట్టు నుంచి ఇంకో జట్టుకి వెళ్లినవాళ్లు పట్టుకెళ్లి పట్టుకెళ్లి, చివరికి మా వీధి అమ్మాయి చేతిలో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. పుస్తకం బల్లమీద గట్టిగా కొట్టేసరికి పాపం ఆ అమ్మాయి ఉలిక్కిపడింది.

"తప్పేటైనా ఉందా అండీ?"

"ఉంది. రాసి ఇస్తాను, వారం పది రోజులు ఆగు" అన్నాను.

అదే ఇది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలో ఇందులో ఉండదు. ఈ ఊళ్లో నన్ను చూసిన ప్రతి ఇంజినీరింగు కుర్రాడూ అదే అడుగుతాడు, అడిగిన ప్రతిసారీ నాకు చిరాకే. సాఫ్ట్‌వేర్ రెండేళ్లకోసారి మారుతుంది. నేను చేసిన తప్పు మాత్రం మారకుండా తిరుగుతోంది. దాని గురించే చెబుతాను.

సన్యాసిరావు గారి చుక్క

నేను జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్‌ని. ఆదివారాలు క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరు రాసేవాడిని. నాకు ఆ పని నేర్పింది సన్యాసిరావు గారు. రెవెన్యూ ఆఫీసులో గుమస్తా. షామియానా కింద ఇనప కుర్చీలో కూర్చుంటే మ్యాచ్ అయ్యేదాకా మంచినీళ్లకి కూడా లేచేవారు కాదు. పెన్నుతో రాసేది స్కోరు. చెవిమీద ఎప్పుడూ ఒక పెన్సిల్ ముక్క ఉండేది. అది దేనికో నాకు మొదట్లో తెలియలేదు.

ఒకసారి మిడాఫ్‌లో ఉన్నవాడు బౌండరీ దాకా పరిగెత్తి, ఫోర్ పోవలసిన బంతిని ఆపాడు. స్కోరు పుస్తకంలో బ్యాట్స్‌మన్‌కి మూడు పరుగులు రాశాం. ఆపినవాడికి ఏ గడీ లేదు. సన్యాసిరావు గారు చెవిమీది పెన్సిల్ తీసి, జట్టు జాబితాలో అతని పేరు పక్కన ఒక చుక్క పెట్టారు.

"ఇదేటండీ?" అన్నాను.

"పుస్తకంలో గడి నేదని ఆడు పరిగెట్టనేదా ఏటి?" అన్నారు.

మ్యాచ్ అయ్యాక కెప్టెన్లు వచ్చి ఎవరు బాగా ఆడారని ఆయన్నే అడిగేవారు. ఆయన స్కోరు చూసేవారు కాదు, చుక్కలు లెక్కపెట్టి చెప్పేవారు. నాకు నవ్వొచ్చేది. ఇద్దరు స్కోరర్లు కూర్చుంటే ఒకరి చుక్కలు ఇంకొకరి చుక్కలతో కలవవు, ఇదేం పద్ధతి అనుకునేవాడిని. ఎమ్మెస్సీ చదివిన పొగరు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆయన్ని చూసి నవ్విన నవ్వుకి నేను తర్వాత బాగానే అనుభవించాను.

గొడవ ఆపడానికి రాసిన వాక్యం

స్కోరర్‌గా రాష్ట్రస్థాయి మ్యాచ్‌ల దాకా వెళ్లాక, ఒక లీగ్ జట్టు నన్ను అనలిస్టుగా పిలిచింది. కాలేజీకి ముందస్తు రిటైర్‌మెంట్ పెట్టేసి వెళ్లాను. ఆ పని ఎలా ఉంటుందో బయటివాళ్లకి తెలియదు. తెరమీద గ్రాఫులు చూసి అదేదో మంత్రవిద్య అనుకుంటారు. హోటల్లో ఒక గదిలో నలుగురు లాప్‌టాప్‌లు పెట్టుకుని, ప్రతి బంతి వీడియోనీ ఆపి ఆపి చూసి, దానిమీద గుర్తులు పెడతారు. బంతి ఎక్కడ పడింది, బ్యాటుకి సరిగ్గా తగిలిందా, క్యాచ్ అవకాశమా కాదా. గ్రాఫు కింద ఉండేది ఈ నలుగురి కళ్లే. వాళ్లకి నేను పెద్దని.

రోజూ గొడవే. ఒకడు అవకాశం అంటాడు, ఇంకొకడు కాదంటాడు. "ఇంకో అడుగు వేస్తే అందేది" అని ఒకడు, "వేస్తే కదా" అని ఇంకొకడు. పైన మా డిపార్ట్‌మెంటు హెడ్ ఉన్నాడు. క్రికెట్‌కి రాకముందు ఏదో కంపెనీలో అమ్మకాలు చూసేవాడు. ఆటగాడికో రంగు కావాలి అతనికి. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. యజమానులకి అంతకంటే ఎక్కువ చదివే ఓపిక లేదనేవాడు.

ఆ గొడవ తెంచడానికి ఒక సాయంత్రం కూర్చుని ఆ వాక్యం రాశాను. చెయ్యి తగిలితేనే అవకాశం. తగిలిందో లేదో వీడియోలో కనిపిస్తుంది, వాదనకి చోటుండదు. మర్నాటి నుంచి నలుగురూ ఒకేలా గుర్తులు పెట్టారు. హెడ్ నా భుజం తట్టి, ఇదీ పనంటే అన్నాడు. నేను పొంగిపోయాను. నలుగురూ ఒకేలా తప్పు రాస్తున్నారేమోనన్న అనుమానం నాకు రాలేదు. లెక్కలు చెప్పినవాడిని, నాకు రావాలి కదా.

ఇంకో సిగ్గుమాలిన సంగతి. మా జట్టులో ఒక పేరున్న ఆటగాడు ఉండేవాడు. ఒకరోజు టిఫిన్ దగ్గర నా పక్కకొచ్చి కూర్చుని, "మాస్టర్, చెయ్యి తగలకపోతే డ్రాప్ కాదు కదా?" అని నవ్వుతూ అడిగాడు. అంతటివాడు నా నిబంధన గురించి అడిగాడని మురిసిపోయి, ఇడ్లీ పక్కన పెట్టి మరీ వివరించాను. తర్వాతి మ్యాచ్‌లో గాల్లోకి లేచిన బంతి వైపు పరిగెత్తి, అరడుగు ముందు ఆగాడు. బంతి నేలమీద పడ్డాక అందుకుని విసిరాడు. జనం చప్పట్లు కొట్టారు. మా పట్టికలో అతని పేరు ఎదురుగా ఏమీ పడలేదు. ఏమీ పడకపోతే ఆకుపచ్చ.

ఆ పట్టికని హెడ్ డ్రెస్సింగ్ రూములో ఫ్రిజ్ పక్కన అంటించేవాడు. నెల తిరక్కుండా సగం జట్టు అరడుగు ముందు ఆగడం నేర్చుకుంది.

నూకరాజు

ఆగనివాడు ఒక్కడే. నూకరాజు. మనవాడే, ఏటికొప్పాక దగ్గర చెరకు రైతుల కుటుంబం. బ్యాటింగు ఒక మోస్తరు. కానీ పాయింట్‌లో నిలబడ్డాడంటే, అటు కవర్ బంతీ ఇటు థర్డ్‌మాన్ బంతీ తనదే అనుకునేవాడు. ఎవరూ కదలని బంతికి కూడా దూకేవాడు. పది దూకితే కొన్ని పట్టేవాడు, కొన్ని వేళ్ల చివర తగిలి జారిపోయేవి. జారిన ప్రతిదీ నా పట్టికలో డ్రాప్. సీజన్ సగానికి అతని పేరు ఎర్రగా మారింది. మొత్తం జట్టులో ఫీల్డింగ్‌లో ఎరుపు అతనొక్కడికే.

ఫీల్డింగ్ కోచ్ బాబ్జీ గారు విశాఖపట్నం మనిషి. ఆ పట్టిక చింపి చేత్తో పట్టుకుని నా గదిలోకి వచ్చారు.

"ఇదేటి మాస్టారూ ఇది? జట్టుకంతటికీ పరిగెట్టేది ఆడొక్కడే. ఆడికా ఎరుపు?"

"డ్రాపులు ఎక్కువున్నాయండీ. డేటా చెబుతున్నది అదే" అన్నాను.

"మీ ఇంట్లో గాజుగ్లాసులు ఎవరు కడుగుతారు?"

"మా ఆవిడ."

"ఎవరి సేతిలో పగులుతాయి?"

జవాబు ఆయనే చెప్పారు.

"ఆవిడ సేతిలోనే గదా. మీరు ముట్టుకోరు, మీ సేతిలో ఎప్పుడూ పగలవు. అయితే మీరు బాగా కడుగుతారనా? సేతుల్ని లెక్కెట్టినారు, కాళ్లనెవరు లెక్కెడతారు?"

అప్పుడైనా తల వంచుకోవాలి. వంచుకోలేదు. "భావాలతో జట్టు నడవదు సార్, కొలత కావాలి" అన్నాను. ఆయన పట్టిక ముక్కల్ని నా బల్లమీద పెట్టి వెళ్లిపోయారు. ముప్పై ఏళ్లు ఎండలో నిలబడ్డ మనిషికి, ఏసీ గదిలో కూర్చుని నేను కొలత గురించి చెప్పాను. ఇప్పుడు తలుచుకున్నా నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

సీజన్ అయిపోయింది. మా జట్టు ఇంటిదారి పట్టింది. ఎవరిని ఉంచాలో ఎవరిని వదలాలో తేల్చే మీటింగ్ వారంలో ఉంది. గాజుగ్లాసుల మాట మాత్రం నన్ను వదల్లేదు. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిల్ తీసుకుని సీజన్ వీడియోలన్నీ మొదటి నుంచీ చూశాను. గాల్లోకి లేచిన ప్రతి బంతి దగ్గరా ఆపాను. చెయ్యి తగిలిందా అని చూడలేదు. ఎవరు వెళ్లి ఉండాల్సింది, ఎవరు వెళ్లారు అని చూశాను. వెళ్తే అందే బంతికి వెళ్లకుండా ఆగినవాడి పేరు పక్కన ఒక చుక్క. సన్యాసిరావు గారి చుక్కే, తలకిందులుగా.

నాలుగు రోజులు పట్టింది. ఆకుపచ్చ వాళ్ల పేర్ల పక్కన చుక్కలు వరసగా బారులు తీరాయి. నూకరాజు పేరు పక్కన చివరి మ్యాచ్ దాకా ఒక్క చుక్క లేదు. చివరి మ్యాచ్‌లో ఒకే ఒక్కటి పడింది. వదిలినవి పోగా అతను పట్టినవాటిలో ఎక్కువ భాగం, మిగతావాళ్లు చెయ్యి కూడా చాచనివి. జట్టులో అందరికంటే మంచి ఫీల్డర్‌ని నేను అందరికంటే కింద రాశాను.

నంబర్ కరెక్టే

మీటింగుకి ముందురోజు పొద్దున్నే నోటుబుక్కు పట్టుకుని హెడ్ దగ్గరికి వెళ్లాను. విన్నాడు. తెలివైనవాడే, వెంటనే అర్థమైంది. కాఫీ తాగుతూ అతను ఇంగ్లీషులో అన్నదాని సారాంశం ఇది: పట్టిక యజమానులకి చూపించేశాం. ఇప్పుడు ఒక్క రంగు మారిస్తే మిగతా రంగులన్నీ అడుగుతారు. మన డిపార్ట్‌మెంటు ఉండదు. పెన్సిల్ చుక్కలు పట్టుకుని మాట్లాడతావా వాళ్లముందు?

మర్నాడు మీటింగులో నూకరాజు పేరు వచ్చింది. బాబ్జీ గారు ఉంచాలని పట్టుబట్టారు. యజమానుల్లో ఒకాయన ఎరుపు చూపించి మొహం చిట్లించాడు. అప్పుడు హెడ్ నా వైపు తిరిగి, అందరూ వినేలా అడిగాడు, "మాస్టర్, నంబర్ కరెక్టేనా?"

నోటుబుక్కు నా సంచిలో, కాళ్ల దగ్గరే ఉంది. వంగి తీస్తే చాలు.

"నంబర్ కరెక్టే" అన్నాను.

అబద్ధం కాదు. డ్రాపుల సంఖ్యలో తప్పు లేదు, ఒక్కటి ఎక్కువా కాదు తక్కువా కాదు. ఈ వృత్తిలో ఇంతకంటే నీచమైన వాక్యం ఇంకోటి లేదు. అడిగినదానికి నిజం చెప్పి, తెలిసిన నిజాన్ని కాళ్ల కింద పెట్టుకోవడం. గదిలోని మిగతావాళ్లు తెలియక తప్పు చేశారు. హెడ్‌కి తెలిసి లెక్కలేదు. నాకు తెలుసు, లెక్కా ఉంది, అయినా నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నవాడిలా కూర్చున్నాను. బాబ్జీ గారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఆయన ఆ ఏడాదే మానేశారు.

నూకరాజుని వదిలేశారు. రంగుల సంగతి ఒక జట్టులో పుట్టి అక్కడే ఆగదు. ఆటగాడి గురించి వాళ్లు వీళ్లని అడుగుతారు, వీళ్లు వాళ్లని అడుగుతారు. ఆటగాళ్ల వేలంలో అతని పేరు పిలిచినప్పుడు నేను మా జట్టు బల్ల దగ్గరే ఉన్నాను. ఏ బల్ల దగ్గరా ఎవరూ పలకలేదు. పిలిచినాయన తర్వాతి పేరుకి వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది అసలు జాబితాలోనే లేడు.

ఆ రోజే రాజీనామా చేసి బస్సెక్కానని రాస్తే చదవడానికి బాగుంటుంది. చెయ్యలేదు. ఇంకా ఆరేళ్లు చేశాను. మరుసటి సీజన్‌లో ఆ నిబంధన మా జట్టు మటుకు మార్చాను. చప్పుడు చెయ్యకుండా. ఎందుకు మార్చానో ఎవరికీ చెప్పలేదు, చెబితే పాత తప్పు ఒప్పుకోవాలి కదా. అప్పటికే మా దగ్గర్నుంచి వేరే జట్లకి వెళ్లిన అనలిస్టు పిల్లలు పాత పుస్తకమే పట్టుకెళ్లారు. వాళ్లకి అది తప్పని చెప్పినవాడు లేడు. హరిత చేతికి వచ్చింది ఆ కాగితమే. తప్పు చేయడం కంటే తప్పుని గుట్టుగా దిద్దుకోవడం ఎక్కువ చేటు అని నాకు హరిత వచ్చిన రోజు తెలిసింది.

ఆ ఒక్క బంతి

నూకరాజు ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నాడు. పొద్దున్న కాలేజీ గ్రౌండులో ఆడపిల్లలకి క్రికెట్ నేర్పుతాడు, తర్వాత చెరకు పని చూసుకుంటాడు. నేను ఊరు తిరిగొచ్చి రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ పొద్దున్న నడకకి గ్రౌండు వైపు వెళ్లలేదు. బలిఘట్టం రోడ్డున పోయి, అటునుంచే తిరిగొచ్చేవాడిని. మా ఆవిడ అడిగితే ఇటు దుమ్ము ఎక్కువ అని చెప్పాను.

హరిత వచ్చి వెళ్లిన మర్నాడు నోటుబుక్కు సంచిలో వేసుకుని గ్రౌండుకి వెళ్లాను. నన్ను చూడగానే పిల్లలకి ఏదో చెప్పి గబగబా వచ్చాడు.

"రండి మాస్టారూ. రెండేళ్లయిపోనాది మీరు ఊరొచ్చి. అటేపు నుంచి అటే ఎల్లిపోతన్నారు, ఇటేపు రావట్నేదు" అన్నాడు.

చూశాడన్నమాట. నిలబడే అంతా చెప్పేశాను. నిబంధన నాదని, ఎరుపు వేసింది నేనేనని, మీటింగుకి ముందే తప్పని తెలుసని, అయినా నంబర్ కరెక్టే అన్నానని. చేతిలో పాత బంతిని తిప్పుకుంటూ విన్నాడు.

"నాకు తెలుసండి. మీటింగులో మీరన్నది బాబ్జీ గారు అప్పుడే సెప్పేసినారు."

"మరి ఎప్పుడూ నన్ను అడగలేదేం?"

"అడిగితే ఏటి సెప్తారు? నంబర్ కరెక్టే అంటారు గదా" అన్నాడు. గొంతు పెంచలేదు. తిట్టినా బాగుండేదనిపించింది.

చేతిలోని బంతిని పిల్లల వైపు విసిరేశాడు. మళ్లీ తనే అన్నాడు.

"రంగు గురించి కాదండి నా బాద. ఆకరి మేచ్‌లో ఒక బంతొచ్చినాది. కవర్ మీదకి ఎగిరినాది. మనసులో మీ పట్టిక మెదిలినాది. ఎల్లి సేతిలోంచి ఒగ్గేస్తే ఇంకో ఎరుపు పడతాదని ఆగిపోనాను. పుట్టి బుద్దెరిగిన కాడ్నుంచి బంతికి ఆగినోన్ని కాదు మాస్టారూ. ఆ ఒక్కదానికీ ఆగినాను. ఆ బేట్సుమేనే మనల్ని ఓడించినాడు. మీరు ఈడియోలన్నీ సూసినోరు. సెప్పండి. ఎల్లుంటే అందేదా?"

అతని పేరు పక్కన ఉన్న ఒకే ఒక్క చుక్క అదే. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో. మూడు అడుగులు, ఒక దూకు. అంతకంటే దూరం బంతులు అతను ఆ సీజన్లోనే పట్టాడు. "చెప్పలేం నూకరాజూ, గాలి ఉంది, వెలుతురు తక్కువ" అనొచ్చు. అలాంటి మాటల సరుకు నా దగ్గర పన్నెండేళ్లది ఉంది. అతనికీ కాస్త ఊరటగా ఉంటుంది.

"అందేది" అన్నాను.

తల ఊపాడు. "అదే అనుకున్నానండి" అన్నాడు. ఇంకేమీ అనకుండా గ్రౌండులోకి నడిచాడు. ఒక అమ్మాయి ముందు బంతి పడుతుంటే అది చూస్తూ నిలబడిపోయింది. నూకరాజు అరిచిన అరుపుకి రోడ్డుమీద చెరకు ట్రాక్టరువాడు కూడా తిరిగి చూశాడు.

"ఆగకమ్మా! ఎల్లు! ఒగ్గేసినా పర్నేదు, బేగి ఎల్లు!"

హరితా, ఈ కాగితాలతో పాటు ఆ నోటుబుక్కు కూడా ఇస్తున్నాను. నువ్వు ఉద్యోగంలో చేరిన మొదటిరోజే ఆ పేజీ తీసి, ఆ వాక్యం తప్పని చెప్పు. చుక్కలు చూపించు. కొత్తగా వచ్చిన పిల్లవి నీకేం తెలుసని అంటారు, మా హెడ్‌లాంటివాడు అక్కడా ఒకడు ఉంటాడు. నీకు ఎవరు చెప్పారని అడుగుతాడు. రాసినవాడే చెప్పాడని నా పేరు చెప్పు. నమ్మకపోతే నాకు ఫోను కలిపి అతనికివ్వు. ఈసారి నంబర్ గురించి మాట్లాడను.